పదకొండు పసుపు చీటీలు

కూతురి ఇల్లు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 20

టైర్ల దుకాణం మీది ప్రార్థన హాలులో చీటీల పని చూసే కార్యదర్శికి,

సగం వందనం. మిగతా సగం సంగతి మీ జవాబు చూశాక.

నేను దుప్పట్లమ్మను. పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళు దుప్పట్లు ఉతికినదాన్ని. మీ హాలులో రెండో వరసలో ఫ్యాను కింద కూర్చుంటాను. పాట అందరికంటే ముందు అందుకుని, అందరూ ఆపాక ఆపేది నేనే. ఇప్పుడు గుర్తొచ్చి ఉండాలి.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే రాస్తున్నది కింది అంతస్తు టైపిస్టు. కోర్టులో నలభై ఏళ్ళు టైపు కొట్టి రిటైరయ్యాడు. దేవుడు లేడంటాడు. అయినా దేవుడి మీద కేసు అనగానే మెట్లన్నీ గబగబా ఎక్కి వచ్చాడు. "లేనివాడి మీద కేసు చెల్లదమ్మా" అన్నాడు. "చెల్లకపోతే కలం ఎందుకు తెచ్చుకున్నావయ్యా?" అన్నాను. కలం మూత తీశాడు. పైన 'తమ దివ్య సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా' అని రాశాడు. కొట్టేయించాను. నేను విన్నవించుకోవడం లేదు. అడుగుతున్నాను.

నవంబరులో కూతురి పురిటికని ఈ ఊరు వచ్చాను. బయల్దేరేటప్పుడు మన హాలు గుమ్మం దగ్గరి బల్లమీద ఉన్న చీటీల కట్ట ఒకటి సంచిలో వేసుకున్నాను. డిసెంబరు మొదలు వారానికొకటి చొప్పున పదకొండు చీటీలు రాయించి, మడిచి, గుండుసూది గుచ్చి మీకు పోస్టు చేశాను. పదకొండింటికీ జవాబు లేదు. పై నుంచీ లేదు, మీ నుంచీ లేదు.

మీరే కదా ప్రతి ఆదివారం నిలబడి, "ఈ హాలుకు చేరిన ఏ చీటీ అయినా ఆయన సముఖానికి చేరి తీరుతుంది" అని చెప్తారు? మరి నావి ఎక్కడ ఆగాయి? మీ దగ్గరా, ఆయన దగ్గరా? ఎక్కడ ఆగాయో చెప్తే అక్కడికే వచ్చి కూర్చుంటాను. న్యాయాధిపతిని విసిగించి విసిగించి తీర్పు రాబట్టుకున్న విధవరాలి సంగతి పాస్టరుగారు వరసగా మూడు ఆదివారాలు చెప్పారు. నేనూ విధవరాలినే. విసిగించడం నాకొకరు నేర్పక్కర్లేదు.

నా కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. ఇటు తిరగాలి. అదే నా కేసు. ఇంతకంటే ఈ కాగితం మీద చెప్పను. చీటీల్లో ఉంది, చదువుకోండి.

దుప్పట్లమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

ముద్ర నా సమక్షంలో వేయబడినది. ముద్ర వేస్తూ నా చొక్కాకు కూడా సిరా పూయబడినది. — టైపిస్టు


ప్రార్థన హాలు, టైర్ల దుకాణం పైన
ఫిబ్రవరి 27

ప్రియమైన దుప్పట్లమ్మగారికి,

ప్రభువునందు నిండు వందనాలు.

మీ పసుపు చీటీలు పదకొండూ చినుకు తగలకుండా, మూల నలగకుండా చేరినవి. దేనికి ఆ తేదీ వేసి రేకు పెట్టెలో భద్రపరిచాను. ఈ మాట చెప్పడానికి నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఈ సంఘం పుట్టిన తర్వాత ఒక్క మనిషి నుంచి ఒకే ఏడాదిలో పదకొండు కృతజ్ఞతలు ఎన్నడూ రాలేదు. కిందటేడు ఎక్కువలో ఎక్కువ నాలుగు. ఆ నాలుగూ ఒకే కంటి ఆపరేషను గురించి.

మీరు ఊరు వెళ్ళి చాలా రోజులైంది గనుక మన పద్ధతి మళ్ళీ మనవి చేస్తున్నాను. తెల్ల చీటీ విన్నపం. పసుపు చీటీ కృతజ్ఞత. తెల్లవి శుక్రవారం ప్రార్థన బృందానికి వెళ్తాయి. పసుపువి తాళం వేసిన రేకు పెట్టెలో ఉండి, ఏడాదికొకసారి కృతజ్ఞతల ఆదివారంనాడు సంఘమంతటి ముందు చదవబడతాయి. ఈ పద్ధతి నేనే పెట్టాను. ముప్పై నాలుగేళ్ళు పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి. మూటమీది చీటీ చూసి ఏ బండిలోకి వెళ్ళాలో ఆ బండిలో వేశానే తప్ప, ఏనాడూ మూట విప్పి చూడలేదు. మీవీ విప్పలేదు.

మార్చి 8 ఆదివారం. ఈ ఏడాది మొత్తం కార్యక్రమం మీ చీటీలతోనే మొదలవుతుంది. ప్రతి ఏడూ పాస్టరుగారు చదివేవారు, ఈసారి నేనే స్వయంగా చదువుతాను. ఒక్కొక్కటి చదివి చెయ్యెత్తగానే కీబోర్డు అతను ఉత్సాహంగా ఒక ముక్క వాయిస్తాడు. పాస్టరుగారు మీ పేరున అయిదు అంశాల ప్రసంగం తయారుచేస్తున్నారు.

'కేసు' అన్న మాట చదివి అందరం నవ్వుకున్నాం. ఆనందం పట్టలేనప్పుడు పెద్దవాళ్ళు అలా చమత్కారంగా మాట్లాడతారు. అమ్మాయి గోడవైపు తిరిగి పడుకున్నదని రాశారు. బాలింతకు విశ్రాంతి మంచిదే. మనవడో మనవరాలో రాయలేదు. ఎవరైనా సరే, పసిబిడ్డ తలమీద మా అందరి ఆశీస్సులు.

మీ సేవలో,
కార్యదర్శి


కూతురి ఇల్లు
మార్చి 3

కార్యదర్శికి,

ఆశీస్సులు చేరాయి. పెట్టడానికి ఇక్కడ తల లేదు.

పాప రెండు గంటలు ఉంది. నవంబరు పదిహేను, పగలు పన్నెండు నుంచి రెండు వరకు. ఆసుపత్రి పుస్తకంలో పేరు రాయలేదు, 'ఫలానా ఆవిడ బిడ్డ' అని రాశారు. ఇప్పుడు తెలిసిందా మూటలో ఏముందో? మూటలు విప్పని పెద్దమనిషీ, ముప్పై నాలుగేళ్ళలో ఒక్క మూటయినా మీకు ఏడుపు వినిపించలేదా?

(ఇక్కడ ఆవిడ మరో మూడు మాటలు అన్నారు. రాయలేదు. — టైపిస్టు)

తెలుపు విన్నపం, పసుపు కృతజ్ఞత అని మీరు చెప్పిన రోజున నేను వినే ఉంటాను. బల్లమీద తెల్ల కట్ట, పసుపు కట్ట పక్కపక్కనే ఉన్నాయి. తెల్లది చేతిలోకి తీసుకున్నాను కూడా. తీసుకుని పెట్టేశాను. ముప్పై ఒక్క ఏళ్ళు తెల్లటివి ఉతికానయ్యా. పురుళ్ళ వార్డు నుంచి కిందికొచ్చిన దుప్పటి విప్పితే చాలు, పైన ఏడుపు వినపడిందో లేదో చెప్పేదాన్ని. నా కూతురి పురిటి కబురు తెల్లదానిమీద రాయించడానికి నాకు చెయ్యి రాలేదు. పసుపు బాగుంది, ఎండలా ఉంది అనిపించింది. అంతే నేను చేసిన తప్పు.

ఇప్పుడు శ్రద్ధగా వినండి. పెట్టె తాళం తియ్యొద్దు. చదవొద్దు. కీబోర్డు అసలు వద్దు. నా కూతురు అన్నం తోసేసిందని తొంభైమంది లేచి స్తోత్రం చెప్తే నేను మళ్ళీ ఆ హాలు మెట్లు ఎక్కను. పాస్టరుగారి అయిదు అంశాలూ ఆయన దగ్గరే ఉంచుకోమనండి.

ఈ ఉత్తరం త్వరగా చేరే పోస్టులో వెయ్యమని అల్లుడికి ఇస్తున్నాను. అల్లుడు లిఫ్టు మెకానిక్కు. పొద్దున్నుంచీ ఊళ్ళోవాళ్ళందరినీ పైకి ఎక్కిస్తాడు, తను మాత్రం ఇంటికి వచ్చి రెండో అంతస్తు మెట్లమీదే ఆగిపోతాడు. అక్కడే టీ తాగుతాడు. లోపలికి వచ్చి పెళ్ళాం వీపు చూడలేక.

నా కూతురు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఇసుక రేణువంత స్క్రూ కింద పడినా వెతికి పట్టుకునే కళ్ళు దానివి. ఇప్పుడా కళ్ళు నాలుగు నెలలుగా గోడ సున్నం చూస్తున్నాయి.

దుప్పట్లమ్మ
(ముద్ర)


ప్రార్థన హాలు
మార్చి 9

అమ్మా,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. జరిగింది జరిగినట్టు, వరసగా రాస్తాను. వరస తప్ప నాకేమీ రాదు.

నిన్న కృతజ్ఞతల ఆదివారం. హాలు నిండింది. మీరు ఎంతో ఆశీర్వాదం పొందిన సహోదరి అని పరిచయం చేసి, పెట్టె తాళం తీసి, మొదటి చీటీ విప్పి చదివాను. "ప్రభువా, పాప పుట్టింది." అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగాను. హాలంతా ఒక్క గొంతుతో "స్తోత్రం!" అంది. నేను చెయ్యెత్తినట్టున్నాను, కీబోర్డు అతను వాయించాడు. అప్పుడు కింది వరస చూశాను. "రెండు గంటలు ఉంది."

అమ్మా, నేను అక్కడే ఆపి ఉండాల్సింది. కానీ జాబితా చేతికొస్తే చివరి అంకె దాకా చదవడం నా ఉద్యోగం నాకు అంటించిన జబ్బు. రెండోది విప్పాను. "నా కూతురు ముద్ద ముట్టడం లేదు." ఉపవాస ప్రార్థన అనుకున్నారు కాబోలు, మళ్ళీ స్తోత్రం. మళ్ళీ కీబోర్డు. మూడోది, "పాలు పడ్డాయి. పాప లేదని ఆ పాలకు ఎవరు చెప్తారు?" ఈసారి స్తోత్రం రాలేదు. వెనక నుంచి చెవుడు ఉన్న పెద్దాయన ఒక్కడే అన్నాడు, గట్టిగా. కీబోర్డు అతను మాత్రం మానలేదు. అతను మాటలు వినడు, నా చెయ్యి చూస్తాడు. నా చెయ్యి వణుకుతోంది. ప్రతి వణుక్కీ ఒక ముక్క వాయించాడు. నాలుగోది, "అల్లుడు మెట్లమీద కూర్చుంటున్నాడు." టిడిడింగ్. అయిదోది, "పక్కింటివాళ్ళు ఉయ్యాల వెనక్కి తీసుకుపోయారు." టిడిడిడింగ్. ఆరోదానికి పాస్టరుగారు లేచి వెళ్ళి వైరు పీకేశారు.

ఏడోది చదువుతుండగా టైర్ల దుకాణం యజమాని భార్య లేచి నిలబడింది. ప్రతి ఏడూ పసుపు చీటీ వేసే మనిషి. ప్రతి ఏడూ అందులో ఒకటే ఉంటుంది, 'అంతా క్షేమం' అని. ఆవిడ అన్నది ఇది. "ఆగండన్నా. నాది కూడా ఆ పెట్టెలోనే ఉంది. అందులో రాసింది అబద్ధం. మా పెద్దవాడు ఇంట్లోంచి వెళ్ళిపోయి రెండేళ్ళయింది. ఎక్కడున్నాడో తెలియదు. ఇన్నాళ్ళూ తెల్ల చీటీ వేస్తే మీరంతా నావైపు చూస్తారని భయపడ్డాను."

ఆమె కూర్చోకముందే మరొకరు లేచారు. తర్వాత ఇంకొకరు. ఎవరూ చీటీ చూసి చదవలేదు. పాస్టరుగారు అయిదు అంశాలూ మడిచి జేబులో పెట్టుకుని వేదిక దిగి, చాప మీద జనం మధ్య కూర్చుని, తనకు రెండేళ్ళుగా నిద్ర పట్టడం లేదని చెప్పారు. మనం పదకొండు గంటలకు హాలు ఖాళీ చెయ్యాలి కదా. కింద గాలికొట్టే మిషను మొదలై నేల అదురుతున్నా ఎవరూ కదల్లేదు. మీ కోసం, అమ్మాయి కోసం, అల్లుడి కోసం ప్రార్థించారు. గట్టిగా కాదు. ఆ మిషను మోతలో ఎవరిది వాళ్ళకే వినిపించేట్టు.

పది చదివాను. పదకొండోది విప్పి, మనసులో చదివి, మడిచేశాను. "పదకొండోది చేరలేదు" అని సంఘానికి చెప్పాను. చేరిన సరుకును చేరలేదని చెప్పడం నా జీవితంలో ఇదే మొదటిసారి. అది మీకూ ఆయనకూ మధ్య సంగతి.

క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

కార్యదర్శి


కూతురి ఇల్లు
మార్చి 17

పార్సిల్ తమ్ముడూ,

కార్యదర్శి అని పిలిచే కోపం అయిపోయింది. వేరే కోపాలు ఉన్నాయి, అవి తర్వాత.

చదవొద్దని నేను రాయించిన ఉత్తరం అల్లుడు జేబులో వేసుకుని, నాలుగు రోజులు మెట్లమీద కూర్చుని, అయిదో రోజున పోస్టు చేశాడు. మీ ఆదివారం అయిపోయాక అది మీకు చేరి ఉంటుంది. వాణ్ణి ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో ఇప్పుడు చెప్తాను.

మీ ఉత్తరం వచ్చిన రోజు. మేం రాసుకోవడం, చదువుకోవడం అంతా బయట మెట్ల దగ్గరే, దానికి వినపడకుండా. ఆ రోజు టైపిస్టుకు మోకాళ్ళు పట్టేశాయి. "కుర్చీలో కూర్చుంటే గాని చదవలేను" అని లోపలికి వచ్చి కూర్చున్నాడు. నా చెవులు లాండ్రీ మిషన్ల దగ్గరే సగం పోయాయి. కాబట్టి ఆయన కోర్టులో బంట్రోతు పిలిచినట్టు గొంతెత్తి చదివాడు. పడకగది తలుపు తీసే ఉంది.

పాప పుట్టింది, స్తోత్రం అన్నదగ్గరే పడకగది వైపు చూశాను. ఆపమని చెయ్యి ఊపాను. ఈ మహానుభావుడికీ మీ జబ్బే ఉంది, ఆపలేదు. కీబోర్డు ముక్క వచ్చిన ప్రతిసారీ 'టిడిడింగ్' అని నోటితో వాయించి మరీ చదివాడు. "రాసింది రాసినట్టు చదవాలి కదమ్మా" అన్నాడు తర్వాత.

'ఉయ్యాల వెనక్కి తీసుకుపోయారు, టిడిడిడింగ్' అన్నదగ్గర లోపల్నుంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అనుకున్నాను. పొరబోయిందేమోనని పరుగెత్తాను. దగ్గు కాదు. నవ్వుతోంది. గోడవైపే తిరిగి, దుప్పటి నోట్లో కుక్కుకుని, మంచం కదిలిపోయేట్టు నవ్వుతోంది. "అమ్మా, వైరు పీకేశారటే" అంది. నాలుగు నెలల తర్వాత అది నాతో అన్న మొదటి మాట అదే.

ఆ నవ్వు చివరికి ఏడుపైంది. ఏడుస్తూనే ఇటు తిరిగింది. తిరిగి, "పదకొండోదాంట్లో ఏముంది?" అని అడిగింది.

తమ్ముడూ, మీరు చదివారు. టైపిస్టు రాశాడు. తెలియాల్సిన నా కూతురికే చెప్పలేదు. ఇక దాచడానికి చోటు లేదు. చెప్పాను. పాప పోయిన మూడో రోజున నేను దాని మంచం పక్కన నిలబడి, "దేవుడి వస్తువు దేవుడు తీసుకున్నాడు. లే, తల దువ్వుకో" అన్నాను. ఆ పూట నుంచీ అది నాతో మాట్లాడలేదు. పదకొండో చీటీలో నేను రాయించింది ఇంతే. 'ఆ మాట నీ పేరు పెట్టి నేను అన్నాను. నువ్వు అనలేదని నా కూతురికి నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు.'

అది దుప్పటి అంచుతో మొహం తుడుచుకుంది. "అయితే అది ఆయన అన్న మాట కాదా?" అంది.

"కాదే. ఆయన నోరే తెరవలేదు. నాకే ఆత్రం" అన్నాను. అంతటితో ఊరుకోలేదు, నా నోరు మీకు తెలుసు కదా. "ఆయన కొడుకు పోయిన రోజు గుర్తుందా? పట్టపగలు మూడు గంటలు చీకటి పడిందని చెప్తారు. ఎందుకు పడింది? ఆయన గోడవైపు తిరిగాడు కాబట్టి. నీలాగే. అప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళి లే, తల దువ్వుకో అన్నవాళ్ళు ఎవరూ లేరు. అదృష్టవంతుడు, ఆయనకు అమ్మ లేదు" అన్నాను.

మళ్ళీ కొంచెం నవ్వింది. తర్వాత ఏమందో తెలుసా? "ఆయన కొడుకు మూడో రోజుకి తిరిగొచ్చాడు కదమ్మా. నా కూతురు రాలేదు."

"రాలేదు. అందుకే కదా కేసు" అన్నాను. అది మళ్ళీ గోడవైపు తిరిగింది. అన్నం మాత్రం తిన్నది, నాలుగు ముద్దలు.

ఆ ప్రశ్నకు మీ దగ్గర, పాస్టరుగారి దగ్గర, చెవుడు ఉన్న పెద్దాయన దగ్గర, ఎవరి దగ్గరున్నా సరే, జవాబు ఉంటే పంపండి. ఊరికే పంపొద్దు. దానికి చూపించదగ్గదయితేనే.

దుప్పట్లమ్మ
(ముద్ర)

టిడిడింగ్ విషయంలో నాకు పశ్చాత్తాపం లేదు. — టైపిస్టు


ఇంటి నుంచి, హాలు కాగితం మీద కాదు
మార్చి 24

అక్కగారూ,

తమ్ముడూ అన్నారు కాబట్టి అక్కా అంటున్నాను. నాకు అక్కలు లేరు.

మీ ప్రశ్న పాస్టరుగారికి చూపించాను. ఆయన మూడు రోజులు దగ్గర పెట్టుకుని, "దీనికి నేను అంశాలు చెప్పలేను. చెప్తే మళ్ళీ మంచం పక్కన దుప్పట్లమ్మ అన్న మాటే అవుతుంది" అని తిరిగి ఇచ్చేశారు. కాబట్టి నాకు తెలిసిన ఒక్క సంగతి రాస్తాను. అది వేదాంతం కాదు, పార్సిల్ ఆఫీసు సంగతి.

మూట పంపినవాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చి ఏడ్చేవాళ్ళు, చేరలేదని. నేను పుస్తకం తీసి చూసేవాణ్ణి. నూటికి తొంభై సార్లు మూట చేరే ఉండేది. అవతల సంతకం పెట్టి తీసుకుని, చక్కగా ఇంట్లో పెట్టుకుని ఉండేవాళ్ళు. చేరినట్టు రసీదు మాత్రం ఇటు వచ్చేది కాదు. చేరకపోవడం వేరు, చేరిన రసీదు మన చేతికి రాకపోవడం వేరు. ముప్పై నాలుగేళ్ళు నేను ఆ తేడా మీదే జీతం తిన్నాను. ఆయన కొడుకు తిరిగొచ్చిన ఆ మూడో రోజే మనకు అందిన ఒకే ఒక్క రసీదు అనుకుంటాను. మిగతావి ఇంకా రావాలి. అమ్మాయికి ఇది చూపించాలో వద్దో మీ ఇష్టం. నాకూ పూర్తిగా నమ్మకం కుదిరి రాయడం లేదు. నమ్మాలని రాస్తున్నాను.

ఎందుకంటే, అక్కా, మీరు పదకొండోది చెప్పేశారు కాబట్టి నాదీ చెప్తాను. నా భార్య పోయి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా నేను ప్రార్థన చెయ్యలేదు. ఒక్కటి కూడా. ఊళ్ళోవాళ్ళ చీటీలన్నీ తేదీలు వేసి పైకి పంపుతాను, నాది ఒక్కటీ వెయ్యను. రంగులు, పెట్టెలు, తాళాలు అన్నీ ఎందుకు పెట్టానో ఇప్పుడు తెలుస్తోంది. ఒక్కటి విప్పినా నాది గుర్తొస్తుందని. చీటీ విప్పి చదివింది నా జన్మలో మీవే. ఆ రోజు నుంచీ రేకు పెట్టెకు తాళం వెయ్యలేకపోతున్నాను.

మీరు విసిగించడంలో సమర్థులు. నా తరఫున కూడా ఒకసారి ఆయన్ని విసిగించగలరా? ఏమడగాలో నాకు తెలియదు. ఆరేళ్ళ తర్వాత తలుపు తట్టేవాడు ఏమని తట్టాలో అదే అడగండి.

మీ తమ్ముడు


కూతురి ఇల్లు
ఏప్రిల్ 3

తమ్ముడూ,

నిండు వందనాలు, నీకూ ఆ పాస్టరుగారికీ.

ముందు నీ పని. నీ ఉత్తరం టైపిస్టు చదివాడు, లోపలి కుర్చీలో కూర్చునే. ఇప్పుడు ఆయనకు ఆ కుర్చీ అలవాటైంది. చదివి కళ్ళద్దాలు తుడుచుకుని, "రసీదు వాదన కోర్టులో నిలబడదు" అన్నాడు. "నిన్ను అడగలేదు" అన్నాను. "నిలబడదు గాని, నేనైతే కొట్టెయ్యను. వాయిదా వేస్తాను" అన్నాడు. దేవుడు లేడనే మనిషి నుంచి ఇంతకంటే ఏం రాబడతావు?

వెంటనే నీకోసం ప్రార్థన మొదలుపెట్టాను. నా ప్రార్థన నీకు తెలుసుగా, కొంచెం గట్టిగా ఉంటుంది. "ప్రభువా, మా పార్సిల్ తమ్ముడు ఆరేళ్ళు నీ గుమ్మంలోనే కాపలా కాసి, అందరి మూటలూ లోపలికి అందించి, తను మాత్రం లోపలికి రాలేదు. నువ్వయినా బయటికి వచ్చి ఒక్కసారి పలకరించలేకపోయావా? నీకు కాళ్ళు లేవా? మా అల్లుడు మెట్లమీద ఉన్నాడు, తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు, నా కూతురు గోడ దగ్గర ఉంది. నీ ఇంట్లో ఒక్కరు కూడా కుర్చీలో లేరేమయ్యా? టైపిస్టు ఒక్కడే కూర్చున్నాడు, వాడికి నువ్వు లేవు" అని దులిపేశాను. అలా చాలాసేపు అడిగాను. అడిగి అడిగి చివరికి ఎక్కడ ఆపాలో తెలియక ఆగిపోయాను. టైపిస్టు ఆమెన్ అనడు. నాకు గొంతు పోయింది.

పడకగదిలోంచి "ఆమెన్" వినిపించింది. ఒక్కటి కాదు. మెట్లమీద నుంచి అల్లుడిది కూడా, కాస్త ఆలస్యంగా.

తర్వాత నా కూతురు లేచి వచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది. టైపిస్టు ఎదురుగా కూర్చుని, "మీ కళ్ళజోడు ఇలా ఇవ్వండి. ఇందాకటి నుంచి చూస్తున్నాను, ఎడమ కాడ వంకర పోయింది. ఇన్నాళ్ళూ అమ్మ ఉత్తరాలు ఒక కంటితోనే రాశారా?" అంది. తన డబ్బా తెప్పించుకుని స్క్రూ బిగించింది. రెండుసార్లు స్క్రూ కింద పడింది. రెండుసార్లూ అదే వెతికింది. గుమ్మంలోంచి చూస్తున్న అల్లుడితో సహా మేం ముగ్గురం వెతకలేదు.

బాగైపోయిందని రాయను. మర్నాడు మళ్ళీ గోడవైపే పడుకుంది. నిన్న సగం పూట ఇటు. పాప పేరు చెప్పింది నాకు. దానికి పేరు పెట్టుకున్నారట ఇద్దరూ, ముందే. ఎవరితోనూ అనలేదు. ఆ పేరు ఇందులో రాయించను. వచ్చి మీ అందరి ముందు అదే చెప్తుందట, ఎప్పుడో. ఎప్పుడు అని నేను అడగలేదు.

నా కేసు సంగతి. జవాబు వచ్చిందా అంటే, నేను అడిగిన జవాబు రాలేదు. పాప రాలేదు. కానీ చదవొద్దన్న చీటీ చదివించి, ఆపమన్న కీబోర్డు వాయించి, నాకు లేని నోరు ఊరందరికీ ఇచ్చి, నా కూతుర్ని నవ్వించినవాడు ఎవడో ఉన్నాడు. ఇంత అడ్డదిడ్డంగా పనిచేసేది మనుషులైతే కాదు. నాకు ఆశ ఉంది తమ్ముడూ. నవంబరు తర్వాత ఈ మాట నా నోట రావడం ఇదే. దేవుడు మంచివాడని టైపిస్టుతో రాయించాలని చూశాను. 'అని దుప్పట్లమ్మ అభిప్రాయం' అని చేర్చితేనే రాస్తానంటున్నాడు. చేర్చమన్నాను.

ఇది పోస్టు చెయ్యడానికి అల్లుణ్ణి పిలిచాను. "ఆయనకిస్తే అయిదు రోజులు పడుతుంది, నేను వేసొస్తాను" అంది అది. పోస్టు డబ్బా వీధి చివర ఉంది. మూడంతస్తులు దిగాలి, రెండు సందులు దాటాలి. ఇప్పుడు ఇల్లంతా చెప్పులు వెతుకుతోంది. "ఎక్కడ పెట్టావే అమ్మా? ఏ వస్తువూ పెట్టినచోట ఉంచవు కదా!" అని అరుస్తోంది. జాగ్రత్త అందామని నోటిదాకా వచ్చింది. మెల్లగా దిగు అందామని వచ్చింది. తల దువ్వుకో అని కూడా వచ్చింది, నిజం చెప్తున్నాను. ఒక్కటి కూడా అనలేదు. కొంగు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను.

చెప్పులు దొరకలేదు. నావి వేసుకుంది. పెద్దవయ్యాయి, టపటపమంటున్నాయి. గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది, ఇవ్వు అంటోంది.

ఇస్తున్నాను.

దుప్పట్లమ్మ
(ముద్ర వెయ్యడానికి ఆగలేదు. — టైపిస్టు)